కారు వెనక సగం

మాకు డ్రైవింగ్ నేర్పిన ఆవిడను అందరూ బ్రేకు టీచర్ అనేవారు. పక్క సీట్లో కూర్చుని, రోడ్డు కనుచూపు మేర ఖాళీగా ఉన్నా సరే, బ్రేకు మీద కాలుందా లేదా అని అడుగుతూనే ఉండేది. గేరు తప్పు వేస్తే నవ్వేది. మలుపు మధ్యలో ఇంజను ఆపేసినా ఏమీ అనేది కాదు. ముందు పోయే బండికి కాస్త దగ్గరగా జరిగితే మాత్రం ఆవిడ మొహంలో నెత్తురు ఇంకిపోయేది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎవరినీ గుద్దరని పేరు. ఎవరినీ దాటిపోరని కూడా పేరు. నేను రెండుసార్లు చేరాను, మొదటిసారి భయం పోవడానికి, రెండోసారి ఆవిడ కబుర్ల కోసం. ఇప్పుడు చెప్పబోయే సంగతి చాలా వరకు ఆవిడ చెప్పిందే. కొంత ఆవిడ తమ్ముడు చెప్పాడు.

వాళ్ల నాన్న టాక్సీ నడిపేవాడు. గుండ్రటి బానెట్టు, బొద్దు డిక్కీ, లోపల నలుగురు పిల్లలు పడుకున్నా ఇంకా చోటుండే పాతకాలపు కారు అది. ఆయన దాన్ని ఎంత నెమ్మదిగా నడిపేవాడంటే వీధిలో దానికి తాబేలని పేరు పెట్టారు. వెనక ఎవరైనా హారన్ కొడితే పక్కకు తీసి ఆపేసేవాడు, వాళ్లు పోయాక మళ్లీ బయల్దేరేవాడు. వాన పడిందంటే బండి తీసేవాడే కాదు. ఎంత దగ్గరివాళ్లు బతిమాలినా అంతే. తొందరున్నవాళ్లు ఆయన్ని పిలిచేవారు కాదు. ముసలివాళ్లు, పచ్చి బాలింతలు, కళ్లకు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి పోయేవాళ్లు, వీళ్లే ఆయన బేరాలు.

ఇంట్లో అమ్మ ఆ కారును సవతి అనేది. నాకంటే ముందు ఈ గడప తొక్కింది, పెద్దరికం దానిదే అని వచ్చినవాళ్లకు చెప్పేది. ఆదివారం పొద్దున ఆయన బకెట్టూ గుడ్డా పట్టుకుని కనిపిస్తే, దొరసానిగారికి స్నానమా అని అడిగేది. ఆయన నవ్వేవాడు గానీ జవాబు చెప్పేవాడు కాదు. అక్కాతమ్ముళ్లిద్దరూ వెనక సీటు కోసం కొట్టుకునేవారు. ఎడమవైపు కిటికీ అద్దం సగం వరకే దిగేది. అది ఎవరి వాటాకు వస్తే వాళ్లు ఓడిపోయినట్టు.

ఆ కారులోనే ఆవిడ నడపడం నేర్చుకుంది. తర్వాత అదే బతుకుతెరువైంది. తమ్ముడు ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. నాన్న పోయాక కారును నడిపేవాళ్లు లేరు. ఇంటి ముందు పెడితే వీధి ఇరుకు. అమ్మేయడానికి ఎవరికీ నోరు రాలేదు. తెలిసినాయన ఐసు ఫ్యాక్టరీ వెనక ఒక షెడ్డు ఖాళీగా ఉందంటే, అందులోకి తోసి, పైన టార్పాలిన్ కప్పి తాళం వేశారు. ఎండా వానా తగలని చోటు దొరికిందని అప్పుడు అందరూ సంతోషించారు. ఏళ్లు గడిచాయి. ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. వచ్చే నెల చూద్దాం అనుకుంటూనే ఆ తాళం చెవి ఎక్కడుందో కూడా మరిచిపోయారు.

ఫ్యాక్టరీ మూతపడుతోంది, షెడ్డు ఖాళీ చేయమని కబురొచ్చినప్పుడు అక్కాతమ్ముళ్లు కలిసి వెళ్లారు. తాళం తీయడం కుదరక విరగ్గొట్టారు. తలుపు తోయగానే కొట్టిన వాసనకు తమ్ముడు ముక్కు మూసుకుని వెనక్కి వచ్చాడు. ఆవిడ లోపలికి వెళ్లి టార్పాలిన్ లాగింది. సగం టార్పాలిన్ చేతికి వచ్చింది, మిగతా సగం కారు పైకప్పుకు అంటుకుపోయి ఉంది. అది ఊడదీసేసరికి దానితో పాటు కప్పు మీది పెచ్చులు కూడా రాలిపడ్డాయి.

ఆవిడ తలుపు పిడి పట్టుకుని లాగింది. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. రెండో వైపు తలుపు తెరుచుకుంది గానీ కిందికి వేలాడింది. కాలు లోపల పెడితే నేల లేదు. పాదం తిన్నగా మట్టిలోకి దిగింది. వెనక సీటును ఎలుకలు దూదిపింజల్లా పీకిపెట్టాయి. డిక్కీలో తెల్లగా ఏదో పేరుకుని ఉంటే వేలితో తీసి చూసింది. ఉప్పు. ఐసు గడ్డ కట్టించడానికి వాడే ఉప్పునీళ్లు గోడ అడుగు నుంచి ఊరి ఊరి, ఆ షెడ్డు నేలంతా నానుతూనే ఉంది. ఎండా వానా తగలకుండా కాపాడామనుకున్న కారును తీసుకెళ్లి ఉప్పులో ఊరేశారు.

ఆవిడ ఊడిన పిడి పట్టుకుని నిలబడిపోయింది. నాన్న పోయిన రోజు కూడా నాకలా కాలేదు, ఆ రోజు చేయాల్సిన పనులుండేవి కాబట్టి, అని చెప్పింది నాతో. షెడ్డులో చేయడానికి ఏమీ లేదు.

తమ్ముడు చుట్టూ తిరిగి చూసి, “అక్కా, ఇది కారు కాదు, కారు ఆకారంలో ఉన్న తుప్పు,” అన్నాడు. తుక్కువాణ్ని పిలిచి సాయంత్రానికి తేల్చేద్దామన్నాడు. ఆవిడ ససేమిరా అంది. బాగుచేయిస్తానంది. దీన్ని బాగుచేయడమంటే గుండీ చేతిలో పెట్టుకుని దానికి చొక్కా కుట్టించడమే అన్నాడు తమ్ముడు. ఆ మాటకు ఇంకొకప్పుడైతే ఆవిడే ముందు నవ్వేది. ఆ రోజు మొహం తిప్పుకుంది. చివరికి బాడీ పని చేసే మేస్త్రి ఏమంటే అదే చేయాలని ఒప్పుకున్నారు.

ఆ మేస్త్రిని సుత్తి మేస్త్రి అంటారు. చేతిలో పనిముట్టును బట్టి ఆ పేరొచ్చిందని ఆయనంటాడు, నోటిని బట్టి వచ్చిందని మిగతావాళ్లు అంటారు. చిన్న సొట్ట తీయించుకోవడానికి పోయినవాళ్లు ఆయన కుటుంబ చరిత్ర మొత్తం విని రావాల్సిందే. కారును ట్రాలీ మీద తన వర్క్‌షాపుకు చేర్పించుకుని, రంగు గీకి లోపలి ఇనుము చూస్తే గానీ ఏమీ చెప్పలేనన్నాడు. నాలుగు రోజులు పోయాక ఫోన్ చేసి, ఒకసారి రండి, తమ్ముడుగారిని కూడా తీసుకురండి అని పెట్టేశాడు. ఆయన ఇంత తక్కువ మాట్లాడటం ఎన్నడూ ఎరగరు.

వర్క్‌షాపులో ఆయన వాళ్లను కారు పక్కకు తీసుకెళ్లి, రెండు తలుపులకూ మధ్యనున్న స్తంభం చూపించాడు. పైరంగు గీకేసిన చోట, ముందు తలుపు వైపు అడుగున తెల్లరంగు ఉంది. వెనక తలుపు వైపు అడుగున నీలం ఉంది. రెండింటి మధ్యా పైనుంచి కింది దాకా కుట్టు వేసినట్టు ఒక గీత. ఆ గీత కప్పు మీదుగా పోయి అవతలి వైపు దిగింది. కిందికి వంగి టార్చి వేసి చూస్తే నేల మిగిలిన చోట్ల అడ్డంగా అదే గీత.

“టీచరమ్మా, ఇది ఒక కారు కాదండి. రెండు. ఒకదాని ముందు సగం, ఇంకోదాని వెనక సగం తెచ్చి అతికించారు.”

తమ్ముడు నవ్వాడు. నవ్వి అక్క మొహం చూసి ఆపేశాడు. ఆవిడ అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. ఎన్ని ఊళ్లు తిరిగారు ఆ కారులో. ఎన్ని ఘాట్‌రోడ్లు ఎక్కి దిగారు. వెనక సీట్లో ఒకరి మీద ఒకరు కాళ్లేసుకుని ఎంత నిశ్చింతగా నిద్రపోయారు. ఆ సీటుకు అంగుళం ముందు కారు రెండు ముక్కలన్నమాట. షోరూం నుంచి నేనే స్వయంగా నడుపుకొచ్చానని నాన్న ఎన్నోసార్లు చెప్పాడు. పాపం ఎవడో ఆయనకు అతుకుల బండి అంటగట్టాడు, సిగ్గుపడి అలా చెప్పుకుని ఉంటాడు అనిపించింది ఆవిడకు.

మేస్త్రి ఇంకో మాట కూడా చెప్పాడు. ముందు సగం ఎలాగోలా నిలబెట్టొచ్చు. వెనక సగం చాలా మటుకు పోయింది, అదే రకం పాత కారు ఎక్కడైనా దొరికితే దాని వెనక భాగం తెచ్చి వేసుకుని, ఈ నీలం ముక్కను పారేయడం మేలు. చుట్టూ ఇంత తుప్పు తిన్నా ఆ అతుకు ఎక్కడా విడలేదని, ఎవరు చేశారో గానీ చేయి తిరిగినవాడని గొణుక్కున్నాడు. ఆ మాట వాళ్ల చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. బ్రేకు టీచర్ ఒక కొస పట్టుకుంది. నాన్నను ఎవడో నిలువునా మోసం చేశాడమ్మా అని మొదలుపెట్టి అంతా చెప్పింది. అమ్మ దుప్పటి దులిపి, కొసలు కలిపి, దగ్గరకు వచ్చి కూతురి చేతిలోది కూడా అందుకుంది.

“ఎవరూ మోసం చేయలేదు. అతికించింది మీ నాన్నే,” అంది. “వెనకది మీ పెదనాన్నది.”

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న తమ్ముడు ఒక కాలి చెప్పుతో అలాగే నిలబడిపోయాడు. వాళ్లకు తెలిసిందల్లా ఒక పెదనాన్న ఉండేవాడని, జ్వరం వచ్చి చిన్నప్పుడే పోయాడని. గోడ మీద ఫోటో కూడా లేదు. అమ్మ కూర్చుని, మామూలు గొంతుతో, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పుకొచ్చింది.

అన్నదమ్ములిద్దరూ ఒకేసారి ఒకే రకం కార్లు కొన్నారు, నాన్న తెల్లది, పెదనాన్న నీలంది. ఇద్దరూ టాక్సీలే. ఒక వానరోజు మిల్లు డ్యూటీవాళ్లను దింపి తిరిగొస్తున్నారు. ముందు నాన్న కారు, వెనక పెదనాన్నది. రోడ్డుకు అడ్డంగా గొర్రెలు వచ్చాయి. నాన్న బ్రేకు వేశాడు. పెదనాన్న కారు వచ్చి గుద్దింది. తెల్లకారుకు వెనక భాగం లేదు, నీలంకారుకు ముందు భాగం లేదు. పెదనాన్న అక్కడే పోయాడు. కొన్నాళ్లు రెండు ముక్కలూ ఒక వర్క్‌షాపు దొడ్డిలో పడి ఉన్నాయి. తర్వాత నాన్న అక్కడే కూలికి చేరి, వెల్డింగు నేర్చుకుని, తన చేత్తోనే రెండూ కలిపాడు. పెళ్లికి ముందే అమ్మకు ఈ సంగతంతా చెప్పాడట. నేను బ్రేకు వేసి మా అన్నను చంపుకున్నాను, ఇష్టమైతేనే చేసుకో అన్నాడట.

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని తమ్ముడు అడిగాడు.

“మీరు ఆ వెనక సీట్లో ఆడుకునేవాళ్లు, పడుకునేవాళ్లు. ఏమని చెప్పను?” అంది అమ్మ. అని దుప్పట్లు తీసుకెళ్లి అల్మారాలో పెట్టింది.

ఆ తర్వాత అక్కాతమ్ముళ్ల పట్టు తారుమారైంది. తుక్కువాణ్ని పిలుద్దామన్న తమ్ముడు, ఏదేమైనా సరే బాగుచేయించాల్సిందే, ఆ నీలం ముక్క ఒక్క రేకు కూడా పారేయడానికి వీల్లేదన్నాడు. ఆవిడ మాత్రం ఆ కారు పేరెత్తితే లేచి వెళ్లిపోయేది. స్కూలు కారులో శిష్యులు బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆవిడ వెనక్కి తిరిగి చూసేది. ఒకరోజు పాఠం మధ్యలోనే దిగిపోయి, నేర్చుకుంటున్న పిల్లను కారులో అలాగే వదిలేసి, నడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది. తనకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి నాన్న నేర్పిన ఒక్క పాఠం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక, ఆ పాఠం ఇంకొకరికి ఎలా చెప్పాలో అర్థం కాలేదంది నాతో.

పెదనాన్న భార్య ఇంకా బతికే ఉందని కూడా అమ్మే చెప్పింది. ప్రమాదం జరిగిన కొన్నేళ్లకు మళ్లీ పెళ్లి చేసుకుందట. ఊరి అవతల ఆవిడకు కళ్లద్దాల దుకాణం ఉందట. నాన్న జీవితంలో ఒక్కసారి కూడా ఆ వీధి వైపు కారు తిప్పలేదు. ఎవరైనా అటువైపు బేరం పిలిస్తే ఒంట్లో బాగాలేదనేవాడు. పారేయాలా ఉంచాలా అనేదానికి ఆ పెద్దమ్మ మాట అడగడం ధర్మమనిపించి, బ్రేకు టీచర్ ఒక మధ్యాహ్నం అక్కడికి వెళ్లింది.

దుకాణం ఇంటి ముందుగదిలోనే ఉంది. గోడల నిండా ఖాళీ ఫ్రేములు, వాటి మధ్య అద్దాలు. బల్ల వెనక పొడుగ్గా, వెన్ను వంగని ముసలావిడ ఒక జోడు తుడుస్తోంది. ఏ పవరు కావాలని అడిగింది. బ్రేకు టీచర్ తను ఎవరి కూతురో చెప్పింది. ముసలావిడ జోడు బల్ల మీద పెట్టి, లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చింది. మీ నాన్న నేను మారుమనువు చేసుకున్నానని కోపంతో మొహం చూపించలేదమ్మా, పోయాడని తెలిసినా రాలేకపోయాను అంది. కోపం కాదు పెద్దమ్మా, బ్రేకు వేసింది తనే కదా, ఏ మొహం పెట్టుకుని వస్తాడు అంది బ్రేకు టీచర్.

ముసలావిడకు అర్థం కాలేదు. బ్రేకు వేస్తే ఏమైంది అని అడిగింది. ఆ బ్రేకు వల్లే కదా పెదనాన్న పోయింది అని చెప్పాల్సి వచ్చింది.

“ఎవరన్నారు?” అంది పెద్దమ్మ. “నేను ఆ కారులోనే ఉన్నాను తల్లీ. వెనక సీట్లో.”

బ్రేకు టీచర్ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. మిల్లు దగ్గర పుట్టింటివాళ్లను చూసి, మొగుడి బండిలోనే తిరిగొస్తోందట పెద్దమ్మ ఆ రోజు. ముందు కారు ఇంకా చాలా దూరంలో ఉంది. అద్దంలో ఆయన మొహం చూస్తూ కబుర్లు చెబుతోంది. ఉన్నట్టుండి ఆయన ఊఁ కొట్టడం మానేశాడు.

“తల స్టీరింగు మీద వాలిపోయింది. భుజం పట్టుకుని ఊపాను, పిలిచాను, పలకలేదు. కారు ఆగలేదు, ఇంకా జోరందుకుంది. అప్పటికి మీ నాన్న కారుకు బ్రేకు లైట్లు వెలగనే లేదు.”

ఆసుపత్రిలో స్పృహ వచ్చాక డాక్టరుకు చెప్పిందట. గుండె ఆగి ఉంటుందన్నాడట ఆయన. ఆ తర్వాత పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్లిపోయారు. మరిదికి ఆ సంగతి డాక్టరు చెప్పే ఉంటాడు, అత్తగారు చెప్పే ఉంటారు అనుకుంది. ఆ వెనక తలుపు పీకి తనను బయటకు లాగింది కూడా మరిదేనని తర్వాత ఎవరో అన్నారట. అలాంటివాడు ఒక్కసారైనా పలకరించడానికి రాలేదంటే తన మీద అసహ్యమే అయి ఉంటుందనుకుని, ఆవిడా తన గడప దాటలేదు. ఇద్దరి మధ్యా రెండు బస్సుల దూరం. బతుకంతా గడిచిపోయింది.

చెప్పి చెప్పి, పెద్దమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఇన్నాళ్లూ ఆయన అలా అనుకున్నాడా అని మెల్లగా అడిగింది. బ్రేకు టీచర్ తలూపింది. ఒక అబ్బాయెవరో వచ్చి జోడు అడిగితే పెద్దమ్మ వేరే ఎవరిదో తీసి ఇచ్చేసింది.

అమ్మకు ఈ సంగతి ఎలా చెప్పాలో అక్కాతమ్ముళ్లకు తోచలేదు. చెప్పకుండా ఉండటమూ చేతకాలేదు. తమ్ముడే చెప్పాడు. దుప్పట్లు మడతపెడుతూ మొదటి కథంతా చెప్పిన అమ్మ, ఇది విని కదలకుండా కూర్చుంది. కళ్లు ఎటూ చూడటం లేదు. నీళ్లిస్తే తాగలేదు. వాన పడిన ప్రతి రాత్రి ఆయన లేచి కూర్చునేవాడు, మళ్లీ తెల్లారేదాకా పడుకునేవాడు కాదు, అని ఎప్పటికో అంది. రెండు రోజులు ఆవిడ గదిలో నుంచి బయటకు రాలేదు. వయసు చూసి పిల్లలు హడలిపోయి డాక్టర్ని కూడా పిలిచారు. నాడి చూసి ఏమీ లేదన్నాడు.

మూడో రోజు తల దువ్వుకుని, చీర మార్చుకుని వచ్చి కూర్చుంది.

“ఆ కారు బాగుచేయించండి,” అంది. కూతురి వైపు తిరిగింది. “ఆయనలా కాదు. అందరూ నడిపినట్టు నడుపు. నేను ఎక్కుతాను.”

బ్రేకు టీచర్‌కు ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకుందే గానీ భయం పోలేదు. నీలం సగాన్ని ఉంచి చేయడం కుదరదన్నాడు ముందు సుత్తి మేస్త్రి, అది బాగుచేయడం కాదు, కొత్తగా పుట్టించడం అన్నాడు. కథ విన్నాక మాట మార్చాడు. అడుగున కొత్త ఇనప పట్టీలు పరిచి, నేలంతా కొత్త రేకు వేసి, నీలం సగంలో నిలబడగలిగిన కప్పూ స్తంభాలూ ఒక తలుపూ ఉంచాడు. ఏడాది దాటింది. ఆ ఏడాదంతా అక్కడికి వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పి ఉంటాడు, ఎందుకంటే నేను మొదట విన్నది ఆయన నోటే. ఏ రంగు వేయమంటారని అడిగితే అమ్మ ముందు తెలుపు, వెనక నీలం అంది. చూసినవాళ్లు నవ్వుతారని తమ్ముడు గొణిగాడు. నవ్వనీ అంది.

బండి సిద్ధమయ్యాక పెద్దమ్మకు కబురు చేశారు. తను ఎక్కనని, ఎక్కమని అడగవద్దని, ఇటువైపు వస్తే మాత్రం చూస్తానని చెప్పి పంపింది. ఒక పగటిపూట అమ్మను ముందు సీట్లో, తమ్ముణ్ని వెనక కూర్చోబెట్టుకుని బ్రేకు టీచర్ బయల్దేరింది. పెద్దరోడ్డు మీద ఒక లారీని దాటింది. అమ్మ కిటికీ లోంచి చూస్తూ కూర్చుంది.

కళ్లద్దాల దుకాణం ముందు ఆపేసరికి పెద్దమ్మ మెట్ల మీదే ఉంది. కిందికి దిగి కారు చుట్టూ ఒకసారి తిరిగింది. తెల్లసగం ముందు ఆగలేదు. నీలంసగం దగ్గర చాలాసేపు నిలబడింది గానీ చేయి వేయలేదు. అమ్మ తలుపు తీసుకుని దిగింది. తోడికోడళ్లు ఒకరినొకరు చూడటం అదే మొదలు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో పిల్లలకు వినబడలేదు. కారు నడి ఎండలో ఉంది. లోపల ఉక్కగా ఉన్నా, అక్కాతమ్ముళ్లిద్దరిలో ఎవరూ దిగడానికి సాహసించలేదు. కాసేపటికి ముసలివాళ్లిద్దరూ మెట్లెక్కి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు.